క్యాన్సర్ ట్రయల్ ఫలితాలు చదవడం నేర్చుకుందాం - 3: మీడియన్ దాటి చూడటం

గత పాఠంలో మీడియన్ సంగతి చూశాం. ట్రయల్‌లో చేరిన సగం మంది ఎన్ని నెలలు దాటి బతికారో చెప్పే అంకె అది. అది ఎక్కడ సరిపోదో ఈసారి పిత్తనాళ క్యాన్సర్ మీద చూద్దాం.

ట్రయల్ పేరు టోపాజ్-1. మొత్తం 685 మంది, వాళ్లలో పిత్తాశయ క్యాన్సర్ రోగులూ ఉన్నారు. అందరికీ జెమ్‌సిటబిన్, సిస్‌ప్లాటిన్ కీమో ఇచ్చారు. దానికి తోడు ఒక గుంపుకి డర్వాల్యుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు, రెండో గుంపుకి మందు లేని ప్లసీబో. మీడియన్లు 12.8 నెలలు, 11.5 నెలలు. ఇంత ఖరీదైన మందుకి ఇంతేనా అనిపిస్తుంది. అక్కడే ఆగిపోకండి.

ఏ నెలకి ఎంత శాతం మంది బతికున్నారో చూపే గ్రాఫ్ ప్రింట్ తీసి, 24 నెలల దగ్గర స్కేలు పెట్టి నిలువు గీత గీయండి. మందు తీసుకున్నవాళ్ల వక్రరేఖని అది 24.9 శాతం దగ్గర తాకుతుంది, రెండోదాన్ని 10.4 దగ్గర. మొదటి ఆరు నెలలు దాదాపు కలిసే నడిచిన రేఖలు ఆ తర్వాత విడిపోయాయి.

ఎందుకిలా? ఈ కణితి చుట్టూ ఫైబ్రోబ్లాస్ట్‌లు దట్టంగా పీచు అల్లుతాయి. క్యాన్సర్ కణాన్ని చంపగల రోగనిరోధక కణాలైన సీడీ8 టి కణాలు చాలామందిలో ఆ పీచు దగ్గరే ఆగిపోతాయి. లోపలికి వెళ్లినవాటిని అక్కడి ఇతర రోగనిరోధక కణాలైన మాక్రోఫేజ్‌లు, నియంత్రక టి కణాలు అణచివేస్తాయి. పైగా కణితిలోని కణాల మీదుండే పీడీ-ఎల్1 అనే ప్రొటీన్, టి కణం మీదున్న పీడీ-1ని పట్టుకుని దాని పని ఆపేస్తుంది. డర్వాల్యుమాబ్ విడిపించేది ఈ ఒక్క పట్టునే. లోపల టి కణాలే లేకపోతే విడిపించడానికి ఏముంటుంది? అందుకే మేలు అందరికీ సమానంగా అందదు. మీడియన్ పెద్దగా కదలకపోయినా మందు రేఖ చివరి భాగం రెండోదానికన్నా పైన నిలుస్తుంది.

ఆ మేలు ఎవరికి దక్కుతుందో ముందే తెలిస్తే ఎన్ని కుటుంబాలకి టెన్షన్ తగ్గేదో! కానీ పీడీ-ఎల్1 టెస్ట్ ఇక్కడ తేల్చి చెప్పలేదు. అది ఎక్కువున్నవాళ్లలోనూ తక్కువున్నవాళ్లలోనూ లాభం కనబడింది.

ఒక జాగ్రత్త. గ్రాఫ్ కింద, ఆ నెలకి ఇంకా పరిశీలనలో ఉన్నవాళ్ల సంఖ్య ఉంటుంది. అది బాగా తగ్గిపోయిన చోట రేఖని గట్టిగా నమ్మకండి.

అభ్యాసం: ఇదే క్యాన్సర్‌లో 1069 మందితో, పెంబ్రోలిజుమాబ్ అనే మరో ఇమ్యునోథెరపీ మందు మీద జరిగిన కీనోట్-966 గ్రాఫ్ తీసుకోండి. మీడియన్లు 12.7, 10.9 నెలలు. 24 నెలల గీత గీసి, రెండు రేఖల మధ్య దూరం టోపాజ్-1 కన్నా ఎక్కువో తక్కువో రాసి పెట్టుకోండి. నాలుగో పాఠం ఆ అంకెతోనే మొదలవుతుంది.