సీసా కూడా వెంట తెండి

ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో పద్నాలుగేళ్లుగా నర్సుని. చుట్టూ పత్తి చేలున్న ఊళ్లే. విషమేదో మింగిన పిల్లాణ్ని భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చే వాళ్లను నేను ముందు అడిగేది, "కక్కించారా?" అని.

పోయిన వేసవిలో రెండేళ్ల బాబు వచ్చాడు. ఇంటికి రంగులేసినవాళ్లు మిగిలిన టర్పెంటైన్‌ను నీళ్ల సీసాలో పోసి వెళ్లారట. తాగింది గుక్కెడే. నాయనమ్మ కంగారులో ఉప్పునీళ్లు పట్టి, గొంతులో వేలు పెట్టి కక్కించింది. మా దగ్గరికి వచ్చేసరికి డొక్కలు ఎగరేస్తున్నాడు. టర్పెంటైన్, కిరసనాయిలు, పెట్రోలు కడుపులో ఉన్నప్పటికంటే ఊపిరితిత్తుల్లోకి జారితేనే ఎక్కువ ప్రమాదం. కక్కేటప్పుడు జారేది అక్కడికే. ఉప్పునీళ్లతో ఫిట్స్ కూడా రావచ్చు. యాసిడ్, బాత్రూం క్లీనర్ తాగినా కక్కించకూడదు, వెళ్లిన దారినే మళ్లీ కాలుస్తుంది. చింతపండు రసం, పేడనీళ్లు అసలే వద్దు.

నోట్లో మిగిలింది వేలికి గుడ్డ చుట్టి తుడిచేయండి. పురుగుమందు ఒంటి మీద పడితే బట్టలు విప్పేసి సబ్బుతో కడగండి. కడిగేవాళ్లు చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కోవాలి, అది చర్మంలోంచి కూడా ఎక్కుతుంది. మత్తుగా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117 కూడా ఫోన్‌లో వేసి పెట్టుకోండి.

సీసా మాత్రం మర్చిపోవద్దు. ఒకాయన మూత ఒక్కటే తెచ్చాడు, మూత మీద ఏం రాసి ఉంటుంది? లేబుల్ మీద మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు పేరు కనిపిస్తే దానికి విరుగుడైన అట్రోపిన్ ఎక్కించాల్సి రావచ్చని డాక్టరుకు ముందే తెలుస్తుంది. మాత్రలైతే షీటు తెండి, ఎన్ని ఖాళీ అయ్యాయో లెక్క తేలుతుంది. ఎన్ని గంటలకు మింగాడో కూడా చెప్పండి.

"బాగానే ఆడుకుంటున్నాడు కదా సిస్టర్, పంపించేయండి" అంటారు. కిరసనాయిలు తాగిన పిల్లాడికి దగ్గు లేకపోయినా కనీసం ఆరు గంటలు చూస్తాం. పసుపు భాస్వరం ఉన్న ఎలుకల మందు పేస్టు తిన్న పిల్లలు ఒకటి రెండు రోజులు మామూలుగానే తిరుగుతారు, ఆ తర్వాతే లివర్ దెబ్బతింటుంది. ఇంకొందరు కడుపు కడగలేదని గొడవపడతారు. ముక్కులో గొట్టం వేయకపోతే వైద్యమే చేయనట్టు! కిరసనాయిలుకి కడుపు కడగరు.

ఆ బాబు ఐదు రోజులు ఆక్సిజన్ మీద ఉండి కోలుకున్నాడు. డిశ్చార్జి రోజు నాయనమ్మను అడిగాను, మిగిలిన టర్పెంటైన్ ఏం చేశావు పెద్దమ్మా అని.

"మంచం కింద పెట్టానమ్మా. అటక మీదైతే నాకు అందదు."