కుందేలు పిల్లను పెరట్లోకి మార్చాలంటే
ముందు క్యాలెండర్ చూసుకోండి. మన నెల్లూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుపానులు. ఏప్రిల్ దాటితే 40 డిగ్రీల ఎండ. కుందేలుకు మనలా చెమట పట్టదు, ఒంటి వేడి చాలావరకు చెవుల ద్వారానే పోవాలి. 30 డిగ్రీలు దాటితే చాలు, అది అవస్థ పడుతుంది. అందుకే జనవరి, ఫిబ్రవరి నెలలు మేలు. రోహిణి కార్తెలో మాత్రం ఎంత అలవాటైన కుందేలునైనా పగలు ఇంట్లోకి తెచ్చుకోవలసిందే.

మూడు నెలలు నిండాక, మొదట సాయంత్రం అరగంట చాలు, అదీ మీరు పక్కన ఉండగా. రెండు వారాల్లో మెల్లగా సమయం పెంచండి. పచ్చగడ్డి కూడా అంతే, తొలిరోజే కడుపునిండా పెడితే విరేచనాలు ఖాయం.

గూడు నేలకు రెండడుగుల ఎత్తున, చెట్టు నీడలో ఉండాలి. పైన రేకు వద్దు, పెనం మీద కూర్చోబెట్టినట్టే. తాటాకు కప్పండి. కోళ్లకు వాడే పలచటి జాలీని కుక్క చింపేస్తుంది (మా పక్కింట్లో చూశాను). అర అంగుళం కన్నులున్న గట్టి వెల్డెడ్ జాలీ కొట్టించండి. పిల్లులు రాత్రిపూటే కాదు, పట్టపగలూ వస్తాయి, ముంగిసలైతే ఎక్కువగా పగలే తిరుగుతాయి. తలుపుకు గడియతో పాటు కొక్కెం కూడా ఉండాలి.

ఎండ ముదిరితే సీసాలో నీళ్లు గడ్డకట్టించి, పాత పంచెగుడ్డ చుట్టి గూట్లో పెట్టండి. మా బుజ్జిది దానికి పొట్ట ఆనించి, చెవులు వెనక్కి వాల్చి మధ్యాహ్నమంతా పడుకుంటుంది. నోరు తెరిచి ఆయాసపడుతుంటే మాత్రం వెంటనే నీడకు చేర్చి, చల్లని నీళ్లతో చెవులు తడిపి పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. ఐసు నీళ్లు పోయకండి.