పోస్టరును చూసే పద్ధతి

పోస్టరు దారినపోయే మనిషి చూపును కొద్ది క్షణాలు పట్టి ఉంచడానికి తయారైనది కనుక, దాన్ని మొదట నాలుగైదు మీటర్ల దూరం నుంచే చూడాలి. అక్షరాలు చదవడానికి తొందరపడకుండా, చూపు మొదట ఎక్కడ పడిందో, అక్కడి నుంచి ఎటు సాగిందో గమనించండి. కళ్లు కాస్త చిట్లించి చూస్తే వివరాలు మసకబారి, వెలుగునీడల పెద్ద భాగాలే మిగులుతాయి. కూర్పు నిలబడేదీ, కూలేదీ వాటి అమరికను బట్టే.

ఫ్రెంచ్ చిత్రకారుడు తులూజ్ లోట్రెక్ 1891లో పారిస్‌లోని ములాన్ రూజ్ నృత్యశాల కోసం చేసిన పోస్టరుపై ఇలా సాధన చేయవచ్చు. వెనుక ప్రేక్షకులంతా ఒకే నల్లని నీడల గుంపుగా కలిసిపోతారు. ముందు ఒక నర్తకుడు బూడిదరంగు ఆకారంగా అడ్డు నిలుస్తాడు. ఈ రెండు పొరల నడుమ నర్తకి లోపలి లంగా తెల్లగా మెరుస్తుంది. నిజానికి ఆ తెలుపు రంగు అద్ది తెచ్చినది కాదు, అచ్చు వేయకుండా వదిలేసిన కాగితమే. రాతిపై బొమ్మ గీసి అచ్చు వేసే లిథోగ్రఫీలో సాధారణంగా ఒక్కో రంగుకు ఒక్కో రాయి కావాలి కాబట్టి, చిత్రకారులు రంగులను ఆచితూచి వాడేవారు. ఆ పరిమితి లేని నేటి పోస్టర్లలో చాలావాటికి ఆ పొదుపు లేకపోవడమే లోపమని నా అభిప్రాయం.

తర్వాత పరిమాణాల పొంతన చూడాలి. ఫ్రెంచ్ పోస్టరు చిత్రకారుడు కసాండ్ర్ 1935లో నార్మండీ నౌక కోసం చేసిన పోస్టరులో, నీటి మట్టం నుంచి తలెత్తి చూస్తున్నట్టుగా ఓడ ముందుభాగం కాగితాన్ని దాదాపు నింపేస్తుంది. అడుగున, ఓడ పక్కన, చిన్న తెల్లని పక్షుల గుంపు ఉంటుంది. ఆ పక్షులను వేలితో మూసి చూడండి: కొలత పోతుంది, దానితోపాటు ఓడ భారీతనమూ తగ్గుతుంది.

ఇలా ఒక్కో అంశాన్ని మూసి చూడటమే అన్నిటికన్నా పనికొచ్చే పరీక్ష. అక్షరాలకూ ఇది వర్తిస్తుంది. వాటిని మూసినా కూర్పు చెక్కుచెదరకపోతే, అవి తర్వాత అతికించినవేనని అనుమానించవచ్చు. జర్మన్ చిత్రకారుడు లూసియన్ బెర్న్‌హార్డ్ ప్రీస్టర్ అగ్గిపుల్లల కోసం చేసిన పోస్టరులో ముదురు నేపథ్యంపై రెండు అగ్గిపుల్లలు, పైన కంపెనీ పేరు, అంతే. అందులో దేన్ని మూసినా పోస్టరు మిగలదు.

వీలైతే అసలు ప్రతిని చూడండి. లోట్రెక్ పోస్టరు ఎత్తు దాదాపు 190 సెంటీమీటర్లు. ఫోన్ తెరపై కూర్పు తెలుస్తుంది గానీ, ఎదుట మనిషంత ఎత్తున నిలబడ్డ ఆ బొమ్మ పట్టు తెలియదు.