పాత పద్మిని కారుకి కొత్త పెట్రోలు లైను: ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఇంట్లోనే

పాత కారు మొరాయిస్తే అందరూ ముందు పెట్రోలుని గాలితో కలిపే కార్బురేటర్ మీద పడతారు. నా మాట విని ముందు బండి వెనక్కి వెళ్ళండి. ట్యాంకులో తుప్పు, పైపుల్లో పొట్టు అలాగే ఉంచి కార్బురేటర్ కడిగితే, కొన్నాళ్ళకే ఆ చెత్తంతా మళ్ళీ జెట్లలో, అంటే పెట్రోలు వెళ్ళే సన్నటి ఇత్తడి రంధ్రాల్లో చేరుతుంది. పెట్రోలు ఏ దారిన పోతుందో మనమూ ఆ దారినే పోవాలి: ట్యాంకు, పైపు, ఫిల్టర్, పంపు, ఆఖర్న కార్బురేటర్. ఇంకో మాట. ఒక రబ్బరు ముక్క పోయిందంటే మిగతావాటి వయసూ అంతే. అన్నీ ఒకేసారి మార్చేయండి.

నేనుండేది పర్లాకిమిడిలో. బండి మా నాన్నగారు వాడిన ప్రీమియర్ పద్మిని. 1089 సీసీ ఇంజన్, సోలెక్స్ కార్బురేటర్, ఇంజనే నడిపే డయాఫ్రమ్ పంపు (లోపల పల్చటి పొర ఒకటి కదులుతూ పెట్రోలుని లాగుతుంది, ఆ పొరే డయాఫ్రమ్). ఈ బండ్లు ముంబైలోని కుర్లా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజుల్లో మన బంకుల్లో దొరికింది వేరే పెట్రోలు. దేశంలో ఇథనాల్ కలపడం 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. ఆ కాలపు రబ్బరుకి ఇథనాల్ పడదు. ముందు ఉబ్బి మెత్తబడుతుంది, తర్వాత ఆరినప్పుడు పగులుతుంది. పైగా ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. మా వైపు వానాకాలంలో గోడలే చెమరుస్తాయి. సగం ట్యాంకుతో నెలల తరబడి నిలబెట్టిన బండిలోకి గాలితోపాటు తేమా చేరుతుంది. చివరికి నీళ్ళూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగి, లోపలి నుంచే ట్యాంకుని తినేస్తాయి.

పనికి దిగేముందు జాగ్రత్తలు. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేయాలి. బండి ఆరుబయట ఉండాలి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేలబారుగా పాకుతుంది. అందుకే గొయ్యిలో దిగి ఈ పని చేయొద్దు. వంటింటి స్టవ్వు, ఇన్వర్టర్, ఫ్రిజ్ ఏవీ దగ్గర్లో ఉండకూడదు. మా ఇంట్లో సందె వేళ తులసికోట దగ్గర దీపం పెడతారు కాబట్టి, పొద్దున మొదలుపెట్టి ఎండ ఉండగానే మూతలన్నీ బిగించేస్తాను. పక్కనే డ్రై పౌడర్ సిలిండర్, ఒక బకెట్ ఇసుక పెట్టుకోండి. పెట్రోలు మంట మీద నీళ్ళు పోయకూడదని సాయానికి వచ్చినవాళ్ళకి ముందే చెప్పండి.

ట్యాంకు ఖాళీ చేయడానికి చేతి పంపు వాడండి. నోటితో పైపు పీల్చే అలవాటు ఎంత పాతదైనా మానేయండి, పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికి వస్తుంది. తీసినదాన్ని మూత గట్టిగా పడే డబ్బాలో పోసి నీడలో పెట్టండి. తర్వాత పెట్రోలు ఎంతుందో కొలిచే గేజీ యూనిట్‌ని ట్యాంకు నుంచి తీసి, ఆ రంధ్రంలోంచి లోపలికి చూడండి. దాని రింగు పట్టేసి ఉంటే ఇత్తడి కడ్డీతోనో కర్రముక్కతోనో తట్టండి. ఇనుము మీద ఇనుము కొడితే నిప్పురవ్వ లేస్తుంది. అడుగున ఎర్రటి పొడి కొంచెమే ఉంటే కడిగితే పోతుంది. రేకు చిల్లుపడితే మాత్రం ఇంట్లో వెల్డింగ్ పెట్టొద్దు. ఖాళీగా కనిపించే ట్యాంకులో ఉండే ఆవిరే పేలుతుంది. యూనిట్ కింద కార్కు ప్యాకింగ్ ఉంటే దాన్నీ మార్చేయండి.

ఇప్పుడు పైపులు. పాత హోస్ ముక్క ఒకటి తీసుకుని బ్లేడుతో నిలువునా చీల్చి చూడండి. పైకి నల్లగా, బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. లోపలి పొర మాత్రం వేలితో రాస్తే పొలుసులు పొలుసులుగా ఊడి, వేలికి మసిలా అంటుకుంటుంది. పంపు వాల్వుల కింద ఇరుక్కునేది ఆ పొలుసులే.

బరంపురం వెళ్ళినా, శ్రీకాకుళం వెళ్ళినా ఆ పాత ముక్కని వెంట తీసుకెళ్ళండి. లోపలి వ్యాసం కొలిపించి అంతే సైజు కొనండి. చాలా షాపుల్లో తెల్లగా మెరిసే ప్లాస్టిక్ ట్యూబు చేతిలో పెడతారు, అది వద్దు. వేడికి కొన్నాళ్ళలోనే బిగుసుకుపోయి పగులుతుంది. హోస్ మీద అచ్చు వేసిన అక్షరాలు చదవండి, ఎస్ఏఈ జె30 ఆర్9 (SAE J30 R9) అని ఉండాలి. దాని లోపలి పొర ఇథనాల్‌ని తట్టుకుంటుంది. ధర ఎక్కువే, కానీ బండి మొత్తానికి కావలసింది కొంచెమే, అక్కడ బేరం చూడొద్దు. క్లిప్పుల్లో అంచులు పైకి మడిచినవి తీసుకోండి. గాట్లున్న మామూలు క్లిప్పు బిగించేకొద్దీ రబ్బరుని కోసేస్తుంది.

కారు అడుగు రేకు కింద పోయే ఇనుప లైనుని ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చేత్తో తడమండి. ముఖ్యంగా క్లిప్పు పట్టిన చోట బురద చేరి తుప్పు పడుతుంది. గట్టిగా ఉంటే రెండు చివర్లూ విడదీసి గాలి కొట్టి వాడుకోవచ్చు. మార్చాల్సి వస్తే మళ్ళీ స్టీలే వేయండి. రాగి వంచడానికి సులువే గాని, అదురుకి గట్టిపడి చీలుతుంది.

ఫిల్టర్‌ని ట్యాంకుకీ పంపుకీ మధ్య, దాని మీది బాణం పంపు వైపు ఉండేలా పెట్టండి. ఎగ్జాస్ట్‌కి దగ్గరగా మాత్రం వద్దు. వేసవిలో తప్తపాణి ఘాట్ ఎక్కుతుంటే లైనులో పెట్రోలు ఆవిరై బండి ఆగిపోవడం మా వైపు కొత్త కాదు, వేడికి దగ్గరగా వేసిన పైపే చాలాసార్లు కారణం.

పంపు దగ్గరికొచ్చాక మొదటి పని, ఆయిల్ పుల్ల తీసి వాసన చూడటం. పెట్రోలు వాసన వచ్చినా, ఆయిల్ మట్టం పెరిగినా డయాఫ్రమ్ చిరిగినట్టే. అప్పుడు ఆయిల్ కూడా మార్చకుండా ఇంజన్ తిప్పొద్దు. పాత పంపుని మాత్రం పారేయకండి. దాని బాడీ గట్టిది, రిపేరు కిట్టు వేస్తే మళ్ళీ పనిచేస్తుంది. విప్పేముందు పైసగానికీ కిందిసగానికీ కలిపి ఒక గీత గీయండి, లేకపోతే బిగించేటప్పుడు పైపు నోళ్ళు పక్కకి తిరుగుతాయి. కొత్త డయాఫ్రమ్ పెట్టాక స్క్రూలు వదులుగా ఎక్కించి, పంపు లివర్‌ని పూర్తిగా నొక్కి పట్టుకుని, అప్పుడు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి. ఇలా చేయకపోతే డయాఫ్రమ్ మొదటి రోజు నుంచే సాగుతుంది. పంపుకీ ఇంజన్‌కీ మధ్య ఉండే మందపాటి స్పేసర్ వేడిని ఆపుతుంది, లివర్ ఎంత కదలాలో నిర్ణయించేదీ అదే. దాన్ని తీసేయొద్దు, మందం మార్చొద్దు. బిగించేముందు లోపలికి వచ్చే నోటి మీద వేలు పెట్టి లివర్ ఆడించండి, వేలిని పీల్చాలి.

కార్బురేటర్‌కి నాకు బాగా ఉపయోగపడేది ఇడ్లీ ప్లేటు. విప్పిన వరసలోనే ఒక్కో గుంటలో ఒక్కో ముక్క పెట్టుకుంటే జెట్లు తారుమారు కావు. జెట్ల మీద నంబర్లుంటాయి, ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. తీగతో పొడవొద్దు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే మైలేజీ పడిపోతుంది. గాలి కొట్టండి, పోకపోతే గాలం దారం దూర్చండి. పెట్రోలు మీద తేలే ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపండి, లోపల చప్పుడైతే చిల్లుపడిందన్నమాట. నీడిల్ వాల్వ్ (ఫ్లోట్ లేచినప్పుడు పెట్రోలు రాకని ఆపేది), యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్, ప్యాకింగులు కొత్తవే వేయండి. నీడిల్ వాల్వ్ కింది వాషర్ మాత్రం పాతదాని మందమే ఉండాలి, పెట్రోలు మట్టం దాన్ని బట్టే ఉంటుంది.

అన్నీ బిగించాక నాలుగైదు లీటర్లు పోసి, పంపు లివర్‌ని చేత్తో ఆడించి కార్బురేటర్ దాకా పెట్రోలు రప్పించండి. ప్రతి అతుకునీ పొడి కాగితంతో అద్ది చూసి, తడి లేదని తేలాకే బ్యాటరీ కలపండి. ఇంజన్ వేడెక్కాక ఆపి మళ్ళీ చూడండి. ఆ రాత్రి బండి కింద అట్టముక్కలు పరిచి, పొద్దున మరకలున్నాయేమో చూడండి. కొత్త ఇథనాల్ పెట్రోలు పాత జిగురుని కరిగించి తెస్తుంది కాబట్టి వంద కిలోమీటర్లయ్యాక ఫిల్టర్ మార్చాలి. అప్పుడే క్లిప్పులూ ఒకసారి బిగించండి. తీసిన పాత పెట్రోలుని కాలవలో పోయొద్దు, మీ మెకానిక్‌కి ఇవ్వండి. వానాకాలం బండి కదలదనుకుంటే ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లో మిగిలిన చుక్క కూడా అయిపోయేదాకా ఇంజన్ తిప్పి వదిలేయండి.