బస్సు రాడార్‌కి ఎలా కనిపిస్తుంది: స్పార్స్ పద్ధతిలో రేంజ్ ప్రొఫైల్ తీయడం

హన్మకొండ చౌరస్తాలో నిలబడితే మనకు ఎదురొచ్చే ఆర్టీసీ బస్సు మొత్తం కనిపిస్తుంది. రాడార్‌కి అట్లా కాదు. బంపర్ మూల, సైడ్ మిర్రర్ రాడ్డు, చక్రం పైన గూడు, ఇట్లాంటి కొన్ని చోట్ల నుంచే గట్టి సిగ్నల్ తిరిగొస్తుంది, మిగతా రేకంతా వచ్చిన తరంగాన్ని ఎటో పక్కకి కొట్టేస్తుంది. ఏ దూరం నుంచి ఎంత సిగ్నల్ తిరిగొచ్చిందో చూపే వరుసే రేంజ్ ప్రొఫైల్. స్పార్స్, అంటే పలచటి, పద్ధతి నిలబడేది ఈ సంగతి మీదే: ఆ దూరాల వరుసలో వందల గళ్లున్నా నిండేవి కొన్నే.

ఎంటెక్ ప్రాజెక్టు చేస్తున్న కాజీపేట తమ్ముడొకడు "అన్నా, పీక్స్ మస్తు వస్తున్నయ్, కానీ రన్ చేసిన ప్రతిసారి వేరే చోట వస్తున్నయ్" అని టెన్షన్ పడ్డాడు. అతనితో కూర్చుని చేసిన పనే ఇక్కడ రాస్తున్నాను. లాప్‌టాప్, పైథాన్ ఉంటే చాలు.

రాడార్ ఒక్కో పల్సును ఒక్కో ఫ్రీక్వెన్సీలో పంపుతుందనుకుని, 10 గిగాహెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి 5 మెగాహెర్ట్జ్ చొప్పున 64 మెట్లు తీసుకోండి. మొత్తం బ్యాండ్‌విడ్త్ 320 మెగాహెర్ట్జ్. కాంతి వేగాన్ని దీని రెట్టింపుతో భాగిస్తే దాదాపు 47 సెంటీమీటర్లు, మామూలు ఫోరియర్ లెక్క ఎఫ్‌ఎఫ్‌టీ విడదీయగలిగేది అంతవరకే. మెట్టు 5 మెగాహెర్ట్జ్ కాబట్టి 30 మీటర్ల కిటికీ (దూరాలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా చూడగలిగే మేర) దొరుకుతుంది, బస్సు హాయిగా పడుతుంది.

ఆ 64లో 24 మాత్రమే వాడదాం. ఇక్కడ క్రమం తప్పకుండా మూడింటికొకటి ఏరితే మెట్టు 15 మెగాహెర్ట్జ్ అయిపోయి కిటికీ 10 మీటర్లకు కుదించుకుపోతుంది, 3 మీటర్ల దగ్గరున్నదీ 13 దగ్గరున్నదీ ఒకటే అనిపిస్తాయి. అందుకే యాదృచ్ఛికంగా ఏరాలి. తర్వాత 30 మీటర్లను 256 గళ్లు చేసి, ఒక్కో గడిలో లక్ష్యం ఉంటే ఆ 24 ఫ్రీక్వెన్సీల్లో ఫేజ్ (తరంగం తన చుట్టులో ఎక్కడుందన్నది) ఎలా తిరుగుతుందో ఒక్కో నిలువు వరుసగా రాసి మ్యాట్రిక్స్ కట్టండి.

వెతకడానికి ఓఎంపీ (ఆర్థోగోనల్ మ్యాచింగ్ పర్స్యూట్, ఒక్కో పీకునే వరుసగా ఏరే పద్ధతి) సరిపోతుంది. కొలతతో ఎక్కువగా కలిసే వరుసను తీసుకో, ఇప్పటిదాకా తీసుకున్నవన్నీ కలిపి లీస్ట్ స్క్వేర్స్ (తేడాల వర్గాల మొత్తం తక్కువయ్యేలా) ఫిట్ చెయ్, మిగిలినదాంట్లో మళ్లీ వెతుకు, అంతే. కష్టమంతా ఎక్కడ ఆపాలన్నదే. మా తమ్ముడు కళ్లు మూసుకుని పది పీకులు అడిగాడు, ఉన్నవి నాలుగు, మిగతా ఆరూ నాయిసే. అందుకే రన్ చేసినప్పుడల్లా జాగా మారాయి. ముందు లక్ష్యం లేకుండా కొలిచి నాయిస్ సిగ్మా, అంటే దాని హెచ్చుతగ్గుల కొలత, తెలుసుకోండి. మిగిలినదాని నార్మ్ (మొత్తం పరిమాణం) సిగ్మా రెట్లు 24 వర్గమూలం, అంటే సుమారు 4.9 సిగ్మాలకు దిగగానే ఆపేయండి.

ఇక అసలు పరీక్ష. 12 మీటర్ల దగ్గర ఒకటి, 12.4 దగ్గర ఒకటి, సమాన బలంతో రెండు బిందువులు సిమ్యులేషన్‌లో పెట్టండి. బ్యాండ్ మధ్యలో వాటి ఫేజ్‌లు ఒకటైతే రెండూ కలిసిపోయి 12.2 దగ్గర ఒకే గుట్టలా లేస్తాయి, ఓఎంపీ ముందుగా ఆ మధ్య గడినే పట్టుకునే అవకాశం ఎక్కువ. ఫేజ్‌లు ఎదురెదురైతే మధ్యలో పల్లం పడి రెండూ స్పష్టంగా విడిపోతాయి. చాలామంది రెండోదాని బొమ్మే రిపోర్టులో పెడతారు, అది నాకు నచ్చదు. ఫేజ్ మారుస్తూ వంద సార్లు నడిపి ఎన్నిసార్లు రెండూ దొరికాయో లెక్కపెట్టండి, ఆ లెక్కే రాయండి. దొరికిన బిందువులన్నిటినీ గళ్లకు కట్టేయకుండా కలిపి కొంచెం అటూ ఇటూ జరిపి మళ్లీ ఫిట్ చేస్తే ఫలితం మెరుగవుతుంది, గడికీ గడికీ మధ్యన పడ్డ బిందువు రెండుగా చీలే బాధా తగ్గుతుంది. గళ్లు ఇంకా సన్నం చేస్తే బాగుపడుతుందనుకోకండి, పక్కపక్క వరుసలు ఒకేలా అయిపోయి ఓఎంపీకి ఏది ఏదో తెలియదు.

కదిలే బండికి ఇంకో పని ఉంది. పల్సుకు 0.1 మిల్లీసెకన్ చొప్పున 24 పల్సులకు 2.4 మిల్లీసెకన్లు పడుతుంది, ఆ లోపు గంటకు 54 కిలోమీటర్ల వేగంతో వచ్చే బస్సు 3.6 సెంటీమీటర్లు జరుగుతుంది. తక్కువే కదా అనిపిస్తుంది, కానీ 3 సెంటీమీటర్ల తరంగానికి రానూపోనూ కలిపి అది దాదాపు రెండున్నర చుట్ల ఫేజ్, ప్రొఫైల్ చెదిరిపోతుంది. కొన్ని వేగాలు ఊహించి ఒక్కోదానికి ఫేజ్ సరిచేసి చూడండి, అన్నే బిందువులతో మిగులు ఎక్కడ తక్కువైతే అదే వేగం.

తర్వాత లాబ్‌లో అనుమతి ఉన్న రాడార్ దొరికితే, అల్యూమినియం షీటుతో రెండు మూల రిఫ్లెక్టర్లు చేసి గ్రౌండ్‌లో టేపుతో కొలిచి మీటరు దూరంలో పెట్టండి, అక్కడి నుంచి పది పది సెంటీమీటర్లు దగ్గరకు జరుపుతూ కలిసిపోయే చోటు దాకా ప్రతి కొలతనూ దాచుకోండి.