మొదటి లేత్‌కి సామాన్లు కొనేటప్పుడే రెండో లేత్‌ని లెక్కలో పెట్టుకోండి

చెక్కని తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం, అంటే చెక్క లేత్ మీద చెయ్యి తిరిగాక చాలామంది చిన్నది అమ్మేసి పెద్దది తెచ్చుకుంటారు. అప్పుడు లేత్ పోతుంది గానీ చక్ (చెక్కని దవడలతో పట్టుకునేది), సెంటర్లు (చెక్కని రెండు కొనల్లో పట్టే మొనలు), ఉలులు, గ్రైండర్ మన దగ్గరే ఉంటాయి. ఈ సామాన్లకయ్యే ఖర్చు ఒక్కోసారి లేత్ ధరనే మించుతుంది. అందుకే ఏవి కొత్త లేత్‌కి పనికొస్తాయో, ఏవి పాతదానితోనే పోతాయో ముందే తేల్చుకోవాలి. ఇక్కడ చెప్పేదంతా 10–12 అంగుళాల స్వింగ్ ఉన్న బెంచ్ లేత్‌ని దృష్టిలో పెట్టుకుని. అంటే 250–300 మి.మీ. వ్యాసం ఉన్న చెక్క బెడ్‌కి (లేత్ కింది పట్టాలకి) తగలకుండా తిరిగే లేత్.

ముందు మూడు కొలతలు

స్పిండిల్ (చెక్కని తిప్పే ఇరుసు) థ్రెడ్, మోర్స్ టేపర్ (సెంటర్లు దూరే, లోపలికి సన్నబడే రంధ్రం సైజు), టూల్‌రెస్ట్ (ఉలి ఆనించే కమ్మీ) కాడ మందం. ఈ మూడూ తెలియకుండా ఏ సామానూ ఆర్డర్ పెట్టకండి.

బెంచ్ లేత్‌లలో ఎక్కువగా కనిపించే థ్రెడ్ 1 అంగుళం × 8 టీపీఐ (అంగుళానికి 8 మరచుట్లు). పెద్ద లేత్‌లలో 1¼ అంగుళం × 8 టీపీఐ గానీ, ఎం33×3.5 (33 మి.మీ. వ్యాసం, 3.5 మి.మీ. పిచ్, అంటే పక్కపక్క మరచుట్ల మధ్య దూరం) గానీ వస్తుంది. మరీ చిన్నవాటిలో ఎం18×2.5 కూడా ఉంటుంది. మన దగ్గర లోకల్‌గా తయారైన లేత్‌లకి థ్రెడ్ ఎంతో చాలాసార్లు ఎక్కడా రాసి ఉండదు, కొలుచుకోవాల్సిందే. వెర్నియర్‌తో థ్రెడ్ బయటి వ్యాసం చూడండి. తర్వాత పిచ్ గేజ్ ఆనించండి, లేదా స్కేలు పెట్టి పది పిచ్‌ల దూరం కొలవండి. 1¼ అంగుళం థ్రెడ్ 31.75 మి.మీ., ఎం33 అయితే 33. అరిగిన స్పిండిల్ మీద ఈ తేడా కంటికి ఆనదు. పది పిచ్‌లు మాత్రం మొదటిదానికి 31.75 మి.మీ., రెండోదానికి 35 మి.మీ. వస్తాయి, అక్కడ పొరపాటుకి తావుండదు. చక్ ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోతే బలవంతం చెయ్యొద్దు, పిచ్ వేరన్నమాట. తిప్పారా, స్పిండిల్ థ్రెడ్ పాడవుతుంది.

టేపర్ విషయానికొస్తే ఎంటీ2 (మోర్స్ టేపర్ రెండో సైజు) ఉన్న లేత్‌నే ఎంచుకోండి. పవర్‌మాటిక్ 3520 లాంటి భారీ లేత్‌లో కూడా ఉండేది ఎంటీ2నే, కాబట్టి ఇవాళ కొన్న సెంటర్లు, డ్రిల్ చక్ రేపు దానికీ పడతాయి. ఎంటీ1 లేత్‌కి కొన్నవి మాత్రం పెద్ద లేత్‌లో వాడాలంటే స్లీవ్ తొడగాలి. ఎంటీ2 పెద్ద వైపు వ్యాసం సుమారు 17.8 మి.మీ., ఎంటీ1 అయితే సుమారు 12.

టూల్‌రెస్ట్ కాడ 5/8 అంగుళం గానీ, 1 అంగుళం గానీ ఉంటుంది. 16 మి.మీ. కాడ 5/8 అంగుళం రంధ్రంలో దూరకపోవచ్చు, ఎందుకంటే 5/8 అంటే 15.875 మి.మీ. మాత్రమే. టూల్‌రెస్ట్ ఎత్తు కూడా లేత్‌ని బట్టి మారుతుంది. అందుకని దీని మీద ఎక్కువ ఖర్చు పెట్టకండి. లేత్‌తో వచ్చినదాని పై అంచుని సన్నటి ఆకురాయితో నున్నగా రాకి, కాస్త మైనం రుద్దితే ఉలి గతుకుల్లేకుండా జారుతుంది.

చక్ కన్నా ముందు గ్రైండర్

కొత్తవాళ్లు మొదట చక్ కొంటారు. మా సలహా వేరు: మొదటి డబ్బు పదునుకే పెట్టండి. మొద్దు ఉలితో ఎంత మంచి చక్ ఉన్నా చెక్క చిరుగుతుందే గానీ తెగదు. పైగా గ్రైండర్‌కి లేత్‌తో సంబంధమే లేదు, ఎన్ని లేత్‌లు మారినా అది మారదు.

8 అంగుళాల వీల్స్ ఉన్న గ్రైండర్ తీసుకోండి. నిమిషానికి 1,440 చుట్లు తిరిగేదైతే మేలు. 2,800 చుట్లదీ పనికొస్తుంది గానీ దాని మీద చెయ్యి ఇంకా తేలిగ్గా పడాలి. దానితో వచ్చే బూడిద రంగు రాళ్లు తీసేసి 60 లేదా 80 గ్రిట్ తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ రాయి వెయ్యండి. సీబీఎన్ (క్యూబిక్ బోరాన్ నైట్రైడ్ పూత ఉన్న) వీల్ ఖరీదైనదే, కానీ అరిగి వ్యాసం తగ్గదు కాబట్టి ఒకసారి సరిచేసుకున్న జిగ్ (ఉలిని ఒకే కోణంలో పట్టే చట్రం) కొలత అలాగే నిలుస్తుంది. అయితే దాని మీద హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) ఉలులే పట్టాలి. మెత్తటి ఉక్కు పడితే వీల్ ముఖం పూడుకుపోతుంది. వీల్ కొనేముందు గ్రైండర్ షాఫ్ట్ కొలవడం మర్చిపోవద్దు.

గౌజులకి (గాడి ఉలులకి) జిగ్ తప్పనిసరి. జిగ్‌లోంచి ఉలి ఎంత బయటికి రావాలో, ఉదాహరణకు 45 మి.మీ. అనుకుందాం, ఆ లోతున ఒక చెక్కముక్కలో రంధ్రం చేసి గ్రైండర్ పక్కనే బిగించండి. ప్రతిసారీ అదే కొలత వస్తే అదే కోణం వస్తుంది, ఉక్కు వృథాగా అరగదు.

ఉలులు అయిదు చాలు: 20 మి.మీ. రఫింగ్ గౌజు, 10 మి.మీ. స్పిండిల్ గౌజు, 10 మి.మీ. బౌల్ గౌజు, 3 మి.మీ. పార్టింగ్ టూల్, 25 మి.మీ. రౌండ్ స్క్రేపర్. బ్రిటన్ కంపెనీలు బౌల్ గౌజుని లోపలి గాడి వెడల్పుతో చెబుతాయి, అమెరికావాళ్లు కాడ మందంతో చెబుతారు. బ్రిటన్ 3/8 అమెరికా 1/2 అవుతుంది. రఫింగ్ గౌజుని గిన్నెల మీద ఎప్పుడూ వాడకండి. పిడిలోకి దూరే దాని తోక సన్నం, అడ్డ పేడు తగిలితే అక్కడే విరుగుతుంది.

మొదటి నెలల్లో చక్ లేకుండానే

నాలుగు పళ్ల డ్రైవ్ సెంటర్, మంచి బేరింగ్ ఉన్న లైవ్ సెంటర్ ఉంటే అప్పడాల కర్ర, ఉలి పిడి, కవ్వం కాడ అన్నీ చెయ్యొచ్చు. ఈ పనులతోనే చెయ్యి కుదురుతుంది.

గిన్నె కావాలంటే లేత్‌తో వచ్చిన ఫేస్‌ప్లేట్ (స్పిండిల్‌కి ఎక్కించే, స్క్రూ రంధ్రాలున్న పళ్లెం) చాలు. 30 మి.మీ. మందం ఉన్న గట్టి చెక్కని దానికి స్క్రూలతో బిగించి, ముఖం చదునుగా తీసి, గిన్నె చెక్కకి జిగురుతో అంటించి ఒక రాత్రి ఆరనివ్వండి. స్క్రూలు కనీసం 15 మి.మీ. లోపలికి దిగాలి. నల్ల డ్రైవాల్ స్క్రూలు వద్దు, అవి పెళుసు, దెబ్బ తగలగానే తల ఊడుతుంది. థ్రెడ్ కొలత సరిగ్గా ఇస్తే మరో ఫేస్‌ప్లేట్ ఊళ్లో లేత్ షాపులోనే చేయించుకోవచ్చు.

చక్ ఎంచుకోవడం

నాలుగు దవడల స్క్రోల్ చక్‌లు రెండు రకాలు. ఒకదానిలో థ్రెడ్ చక్ ఒంట్లోనే కోసి ఉంటుంది. రెండోదానిలో థ్రెడ్ ఉన్న ఇన్సర్ట్ విడిగా వస్తుంది, నోవా సూపర్‌నోవా2 ఈ రకం. కొనాల్సింది రెండోదే. రేపు ఎం33 లేత్ వస్తే ఇన్సర్ట్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది. అడాప్టర్‌తో నెట్టుకురావచ్చు కదా అనిపిస్తుంది, కానీ అడాప్టర్ చక్‌ని బేరింగ్ నుంచి ఇంకా దూరం జరుపుతుంది. వణుకూ, వంకరా అంతకంత పెరుగుతాయి.

ఒక కంపెనీ దవడలు ఇంకో కంపెనీ చక్‌కి సాధారణంగా పట్టవు. కాబట్టి మీరు ఎంచుకునేది ఒక చక్‌ని కాదు, ఇక ముందు కొనబోయే దవడలన్నిటినీ. 50 మి.మీ., 100 మి.మీ. దవడలు ఇక్కడ దొరుకుతున్నాయో లేదో చూశాకే డబ్బు కట్టండి. చక్ వ్యాసం 100 మి.మీ. చాలు, అంతకన్నా బరువైతే చిన్న మోటారు మీద భారం.

దవడలు దాదాపు మూసుకుని, మధ్యలో 2–3 మి.మీ. సందు ఉన్నప్పుడే అవి నిండు వృత్తంలా చెక్కని పట్టుకుంటాయి. టెనన్‌ని (చక్ పట్టుకోవడానికి చెక్క అడుగున తీసే గుండ్రటి బుడిపెని) ఆ కొలతకే తియ్యండి. పొడవు 6–8 మి.మీ. చాలు. టెనన్ అడుగు చక్ లోపల తగలకూడదు, దాని భుజం దవడల ముఖానికి ఆనాలి. గిన్నె ఊడి ఎగిరిపడడానికి పెద్ద కారణం టెనన్ పొడవెక్కువై అడుగున తగలడమే. టెనన్ వ్యాసం గిన్నె వ్యాసంలో మూడో వంతుకి తగ్గనివ్వకండి. అంటే 250 మి.మీ. గిన్నెకి 50 మి.మీ. దవడలు చాలవు.

స్పిండిల్ భుజానికీ చక్‌కీ మధ్య పల్చటి నైలాన్ వాషర్ వేస్తే చక్ బిగుసుకుపోదు. స్పిండిల్‌ని వెనక్కి తిప్పే పని ఉంటే వాషర్ తీసి, చక్ గ్రబ్ స్క్రూ (చక్‌ని స్పిండిల్ మీద పట్టి ఉంచే తల లేని చిన్న స్క్రూ) బిగించాలి, లేకపోతే చక్ మర ఊడి కింద పడుతుంది.

డ్రిల్ చక్ 13 మి.మీ.ది, ఎంటీ2 ఆర్బర్‌తో కొనండి. దాన్ని టెయిల్‌స్టాక్‌లోనే (లేత్ తిప్పని వైపు) వాడాలి. హెడ్‌స్టాక్‌లో (తిప్పే వైపు) పెట్టాలంటే వెనక నుంచి డ్రాబార్ (టేపర్‌ని లాగి పట్టే పొడవాటి బోల్టు) బిగించాల్సిందే, లేకపోతే అదురుకి టేపర్ వదులవుతుంది.

ఒంటి మీద

ముఖం మొత్తం కప్పే షీల్డ్, సన్నపొడికి ఎన్95 మాస్క్ మొదటి రోజు నుంచే ఉండాలి. గ్లవ్స్ వద్దు. చున్నీ, పైట చెంగు, పొడుగు చేతులు, మణికట్టు దారాలు, వదిలేసిన జడ, ఇవేవీ లేత్ దగ్గరికి రాకూడదు. వేగానికి ఒక లెక్క: చెక్క వ్యాసం అంగుళాల్లో, చుట్లు నిమిషానికి, రెండూ గుణిస్తే 6,000–9,000 మధ్య రావాలి. 10 అంగుళాల గిన్నెకి 600 నుంచి 900 చుట్లు. సమతూకం లేని పచ్చి మొద్దుకి ఇంకా తక్కువ నుంచి మొదలుపెట్టాలి.

తర్వాత చూసుకోవచ్చు

బెడ్ ఎక్స్‌టెన్షన్, వాక్యూమ్ చక్, గిన్నెలోంచి గిన్నె తీసే కోరింగ్ సెట్ ఇప్పుడు వద్దు. మొదటిది పాత లేత్‌తోనే పోతుంది, మిగతా రెండూ మొదట్లో అవసరం లేదు. బెల్టు మార్చే లేత్‌కి వేగం తిప్పుకునే సౌకర్యం కావాలంటే 1 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు, ఇంటి సింగిల్‌ఫేజ్ మీద నడిచే వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే పరికరం) పెట్టుకోవచ్చు. మోటారు ప్లేటు మీద 230 వోల్టుల డెల్టా కనెక్షన్ రాసి ఉందో లేదో చూసి కొనండి. 415 స్టార్ మాత్రమే ఉన్న మోటారు ఈ వీఎఫ్‌డీ మీద బలం చూపదు. వేగం బాగా తగ్గించాలనుకున్నప్పుడు బెల్టునీ నెమ్మది పుల్లీకి మార్చండి. వీఎఫ్‌డీ ఒక్కదానితోనే తగ్గిస్తే మోటారు ఫ్యాన్ కూడా నెమ్మదించి, వైండింగ్ వేడెక్కుతుంది.