ఎక్స్‌రేలో కోణాలు కొలుద్దాం – 4వ పాఠం: అదే ఫిల్మ్, వేరే అంకె

గత పాఠంలో ఐదు వెన్నెముక ఎక్స్‌రేల మీద కాబ్ కోణం (వంపు పై కొస పూస అంచు మీద, కింది కొస పూస అంచు మీద గీసిన గీతల మధ్య కోణం; వెన్నెముక పక్కకు ఎంత వంగిందో ఇది చెబుతుంది) కొలిచి, ఆ కాగితం దాచేయమన్నాను. రెండు వారాలైంది కదా, ఇప్పుడు ఆ కాగితం తీయకుండా అవే ఫిల్ములు మళ్లీ కొలవండి. వరస మార్చండి. పేరు, తేదీ కనపడకుండా ఎవరిచేతైనా మూయించండి. పాత అంకె గుర్తుంటే చెయ్యి అటే జారుతుంది, ఎంత నిజాయితీపరుడిదైనా సరే.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టగానే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. నేను నేర్చుకునేటప్పుడు ఒక ఫిల్మ్‌కి ఏకంగా 7 డిగ్రీల తేడా వచ్చింది. గీతలు వంకర గీశానేమో అనుకున్నాను. తీరా చూస్తే మొదటిసారి ఒక పూసను వంపు పై కొసగా తీసుకున్నాను, రెండోసారి దాని కింది పూసను. కొస పూసలకు ముందే గుర్తులు పెట్టి ఇస్తే తేడా తగ్గిపోతుంది. కానీ రేపు రోగి ఫిల్మ్ మీద మీకు గుర్తులు పెట్టిచ్చేవాళ్లెవరూ ఉండరు. అందుకే సాధనలో కూడా పూసల్ని మీరే ఎంచుకోండి.

రెండో కారణం గీత పొడవు. పూస అంచు సుమారు 40 మిల్లీమీటర్లు ఉందనుకోండి. గీత ఒక కొస 1 మిల్లీమీటరు పైకి పోతే గీత దాదాపు 1.4 డిగ్రీలు తిరుగుతుంది. అదే తుంటి నుంచి మోకాలి దాకా గీసే 400 మిల్లీమీటర్ల గీతలో అంతే జారితే తేడా 0.14 డిగ్రీలే. చెయ్యి అదే, తప్పు అదే, ఫలితం పదింతలు. ఇంకో పాఠంలో పాదం బొటనవేలి దగ్గర కోణం కొలిచేటప్పుడు ఈ లెక్క మళ్లీ పనికొస్తుంది, అక్కడి ఎముకలు పొట్టివి కదా.

ఇక లెక్కలోకి వద్దాం. మొదటిసారి 32, 24, 41, 18, 27. రెండోసారి 35, 23, 38, 20, 31 వచ్చాయనుకోండి. తేడాలు 3, -1, -3, 2, 4. వాటి వర్గాలు కలిపితే 39. ఫిల్ముల సంఖ్యకు రెట్టింపుతో, అంటే 10తో భాగిస్తే 3.9. దాని వర్గమూలం దాదాపు 2. ఒక్క కొలతలో మీ చేతి తప్పిదం 2 డిగ్రీలన్నమాట. పాత ఫిల్మ్‌నూ కొత్త ఫిల్మ్‌నూ పోల్చేటప్పుడు రెండింటిలోనూ తప్పిదం ఉంటుంది కాబట్టి దీన్ని 2.77తో గుణించాలి: సుమారు 5.5 డిగ్రీలు. అంతకన్నా తక్కువ మార్పు చూసి వంపు పెరిగిందని మీరు చెప్పలేరు. స్కోలియోసిస్‌లో, అంటే వెన్నెముక పక్కకు వంగే సమస్యలో, 5 డిగ్రీల లోపు మార్పును వైద్యులు సాధారణంగా తొందరపడి లెక్కలోకి తీసుకోనిది ఇందుకే. ఐదు ఫిల్ములు లెక్క నేర్చుకోవడానికే. మీ అంకెను నలుగురికీ చెప్పాలంటే ముప్పై, యాభై కొలవండి.

సహసంబంధ గుణకంతో (రెండు వరసల అంకెలు ఎంత కలిసికట్టుగా పెరిగి తగ్గుతాయో చెప్పే అంకె, కోరిలేషన్) పని కానిచ్చేయొద్దు. మీ స్నేహితుడు ప్రతి ఫిల్మ్‌కీ మీకన్నా సరిగ్గా 6 డిగ్రీలు ఎక్కువ చెప్పాడనుకోండి. గుణకం 1 వస్తుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. మీ ఇద్దరికీ మాత్రం ఒక్క ఫిల్మ్ మీదా అంకె కలవలేదు! 1986లో బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే గణాంక శాస్త్రవేత్తలు తేడాలనే గ్రాఫుగా గీసి చూడమన్నది ఇలాంటి భ్రమ పోగొట్టడానికే. అడ్డంగా ఇద్దరి సగటు, నిలువుగా తేడా పెట్టండి. చుక్కలన్నీ సున్నాకు ఒకే పక్కన ఉంటే ఇద్దరిలో ఒకరు గీత వేరేచోట గీస్తున్నారు.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఒకే ఫిల్మ్‌ను రెండుసార్లు కొలిస్తే వచ్చే తప్పిదం. ఫిల్మ్ తీసేటప్పుడే మనిషి తిరిగి నిలబడితే? మోకాలు కొంచెం వంగి, కాలు పక్కకు తిరిగి ఉంటే తిన్నని కాలు కూడా ఫిల్మ్‌లో దొడ్డికాలిలా కనిపించొచ్చు. ఎన్నిసార్లు కొలిచినా అదే తప్పు అంకె పొందిగ్గా వస్తుంది. అందుకే కాలి ఫిల్మ్ చేతికి రాగానే గీతలకన్నా ముందు చూడాల్సింది మోకాలిచిప్ప ఎదురుగా, మధ్యలో ఉందా అని.

వచ్చే పాఠానికి పూర్తి కాలి ఎక్స్‌రేలు పది తెచ్చుకోండి. వాటిలో మోకాలిచిప్ప పక్కకు తిరిగినవి ఏరి వేరే కట్ట కట్టండి. వాటిని పారేయొద్దు, మొదట వాటితోనే పని.